సోమ, బుధ, శనివారాల వాన

ఊరు,
వరండాలో కూర్చుని

ఇంజనీరమ్మకి మామయ్య ఆశీస్సులు.

నా మోకాళ్ళు, కుడి చెవి తప్ప ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని మీ అత్తయ్య నవ్వుతోంది. పోయిన వారం నువ్వు ఫోన్‌లో "యంత్రం పంపిస్తున్నా" అంటే నాకు "మంత్రం పంపిస్తున్నా" అని వినబడింది. ఈ వయసులో నాకు మంత్రాలెందుకని వీధంతా వినబడేలా అరిచాను. అందుకే ఇక మీదట కాగితమే. కాగితానికి చెవుడు ఉండదు.

మీ యంత్రం వచ్చింది. మీ సంస్థ జీపులో ఇద్దరు వచ్చి వేరుశెనగ చేను నడిమధ్య ఇనప స్తంభం పాతారు. వాన కొలవడానికి ఒక గరాటు, గాలి కొలవడానికి మూడు చిప్పలు, మట్టిలో తడి చూడడానికి వైరు కట్టిన సూది ఉన్నాయి. ఇవన్నీ ఏం చూస్తే అది నీ కంప్యూటరుకి చెప్పేస్తాయట. నాచేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అందులో తొమ్మిది షరతులున్నాయి. మూడోది, చుట్టూ ముప్ఫై అడుగుల దాకా గోడ గానీ చెట్టు గానీ ఉండకూడదట. నాలుగోది, చోటు మార్చకూడదట. మిగతావి చదవలేదు. కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయాను.

ఆదివారం విత్తనాల గిడ్డంగిలో అందర్నీ పిలిచి నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. ఇక నుంచి చేనుకి ఎప్పుడు తడి ఇవ్వాలో, ఎప్పుడు మందు కొట్టాలో ఫోనే చెబుతుందని, నంబర్లు రాయించుకోమని. ఒకడు తప్ప అందరూ రాయించుకున్నారు. ఆ ఒక్కడూ ఎవరో నీకు తెలుసు, మన పక్క చేను లాయరు. కోర్టు గుమ్మం ఎక్కకపోయినా ప్రతిదానికీ సాక్ష్యం అడుగుతాడని ఆ పేరు వచ్చింది కదా. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి. "యంత్రాన్ని ఎలా నమ్మమంటావు బావా?" అన్నాడు. "యంత్రాన్ని నమ్మకు, నన్ను నమ్ము" అన్నాను. రాయించుకున్నాడు.

యంత్రం గురించి దిగులు పడకు. కంటికి రెప్పలా చూసుకుంటున్నాను. నా కళ్ళ ముందే ఉంటుంది.

మామయ్య


ఆఫీసు,
మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల

మామయ్యకి నమస్కారాలు.

నీకోసం ఈ నగరంలో పోస్టాఫీసు ఎక్కడుందో వెతికాను. మా ఆఫీసు వెనకాలే ఉంది. మూడేళ్ళుగా అది పాత సామాన్ల కొట్టనుకున్నాను.

నీ చేను నుంచి అంకెలు వస్తున్నాయి. మొదటి అంకె తెర మీద కనబడగానే మా గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఒక మాట మాత్రం నీకు చెప్పాలి. మిగతా మూడూళ్ళకి రావలసిన యంత్రాలు ఇంకా పెట్టెల్లోనే ఉన్నాయి. అవి పెట్టేదాకా నాలుగూళ్ళకీ నీ యంత్రం చెప్పిందే లెక్క. మూడు వందల నలభై మందికి ఫోన్‌లో వెళ్ళే సలహా నీ చేను చూసే వెళుతోంది. ఒక్కదాని మీద ఇంత భారమెందుకని డైరెక్టరుగారు సందేహించారు. "యంత్రం దగ్గర మా మామయ్య ఉన్నాడు" అన్నాను. ఆయనకి ఇద్దరు మామయ్యలున్నారట. ఆ మాటతో ఆయన దిగులు ఇంకాస్త పెరిగింది.

చిన్న సందేహం. గాలి వేగం పది రోజులుగా సున్నా చూపిస్తోంది. చిప్పలకేమైనా అడ్డం పడిందేమో ఒకసారి చూడు. వీలైతే అత్తయ్య ఫోన్‌తో ఒక ఫొటో తీయించి పంపు.

నీ మేనకోడలు


ఊరు,
పెరట్లో కుర్చీ వేసుకుని

ఇంజనీరమ్మా,

గాలి సంగతి అడిగావు. ఈ ఏడు గాలి లేదు. అసలు లేదు. ఆకు కదలడం లేదు. మొన్న మీ అత్తయ్య విసనకర్ర విసురుకుంటుంటే ఆ గాలికి నలుగురు వచ్చి పక్కన కూర్చున్నారు. చిప్పలు బాగానే ఉన్నాయి, తిరగడానికి వాటికి కారణం కావాలి కదా. ఫొటో తీయిద్దామంటే మీ అత్తయ్య ఫోన్ అద్దం పగిలింది, ఏది తీసినా అందులో సాలెగూడు కనబడుతోంది.

మీ మెసేజీలు మాత్రం ఊళ్ళో మహా గొప్పగా నడుస్తున్నాయి. ఉదయం ఏడింటికి అందరి ఫోన్లూ ఒక్కసారే మోగుతాయి. "రైతు మిత్రులకు శుభోదయం" అని ఒకమ్మాయి మాట్లాడుతుంది. అది ముందే రికార్డు చేసిన గొంతని ఎంత చెప్పినా, మన మేకలాయన ఆ అమ్మాయి మాట్లాడేదాకా ఆగి, "బాగున్నానమ్మా, నువ్వు తిన్నావా" అని అడుగుతాడు. ఆమె బదులు చెప్పకుండా పెట్టేస్తే, పాపం పని మీదుందంటాడు. చాలామంది శుభోదయం వినగానే పెట్టేస్తున్నారు. మిగతాది నన్నడిగి తెలుసుకుంటున్నారు. నేను మెసేజీ మొత్తం మీ అత్తయ్యతో గట్టిగా చెప్పించుకుని విని, వాళ్ళకి చెబుతున్నాను. ఈ వారం "తడి అక్కర్లేదు, నేలలో తేమ చాలినంత ఉంది" అని చెప్పాను.

ఈ మధ్య నా మాటకి ఊళ్ళో ఎంత విలువ వచ్చిందంటే, నిన్న ఒకాయన వచ్చి పంటినొప్పికి ఏం వాడాలో అడిగాడు.

మామయ్య


ఆఫీసు,
క్యాంటీనులో, చల్లారిన టీ ముందు

మామయ్యా,

ఇది కాస్త జాగ్రత్తగా చదువు. కళ్ళద్దాలు పెట్టుకుని చదువు.

నీ యంత్రం ప్రకారం మీ ఊళ్ళో సోమవారం ఎనిమిది మిల్లీమీటర్ల వాన పడింది. బుధవారం తొమ్మిది. శనివారం పదకొండు. మళ్ళీ సోమ, బుధ, శని. ప్రతిసారీ పొద్దున తొమ్మిదికి మొదలై తొమ్మిదిన్నరకి ఆగిపోతోంది. ఆదివారం సెలవు. ఇంత క్రమశిక్షణ గల వానని మా వాతావరణ నిపుణుడు పాతికేళ్ళ ఉద్యోగంలో చూడలేదట. ఉపగ్రహం బొమ్మల్లో మీ వైపు మబ్బు తునక కూడా లేదు. మా గదిలో నన్ను చూస్తే చాలు, "గొడుగు తెచ్చుకున్నావా, ఇవాళ బుధవారం" అంటున్నారు.

నవ్వులాట సంగతి ఎలా ఉన్నా, ఆ వాన నమ్మే పన్నెండు రోజులుగా నాలుగూళ్ళకీ తడి అక్కర్లేదని చెబుతున్నాం. వేరుశెనగ ఇప్పుడు ఊడలు దిగే దశలో ఉంది. పువ్వు నుంచి దిగే ఆ సన్నటి ఊడ మెత్తటి నేల దొరికితేనే లోపలికెళ్ళి కాయవుతుంది, నేల బిగుసుకుంటే పైనే ఎండిపోతుంది. ఈ సంగతి నాకు నేర్పింది నువ్వే.

శుక్రవారం మీటింగు ఉంది. డైరెక్టరుగారు అడుగుతారు. నాకు ఒక్క మాట రాయి. వాన పడిందా, లేదా?

నీ మేనకోడలు


ఊరు

అమ్మా,

పడింది.

అన్ని చోట్లా కాదు. మా వైపు మాత్రమే. ఒకే ఒక్క మేఘం, చిన్నది, పొద్దున్నే వచ్చి పని చూసుకుని వెళ్ళిపోతోంది. ఉపగ్రహం అంత ఎత్తు నుంచి చూస్తుంది, దానికి కనబడకపోవడంలో వింత లేదు. నాకే కళ్ళద్దాలు లేకపోతే అన్నం పళ్ళెం కనబడదు.

నువ్వు ఆరోగ్యం చూసుకో. టీలు తగ్గించు. నగరంలో నీళ్ళు కాచి తాగు.

మామయ్య

(వెనక వైపు, వేరే చేతిరాత)

అమ్మాయికి అత్తయ్య ఆశీస్సులు. మీ మామయ్య ఈ నాలుగు ముక్కలకే మూడు కాగితాలు చింపాడు. ఎందుకో చెప్పడు. తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాడు. నేను వేరే సంగతి రాయాలని కలం తీసుకున్నాను. మీ వాళ్ళు పంపిన ఇనప స్తంభం చాలా గట్టిది. పెరట్లోకి తెచ్చి పాతిన దగ్గర్నుంచి దండేనికి రెండో కొస దానికే కట్టాను. తడి దుప్పట్లు నాలుగు వేసినా వంగడం లేదు. వారానికి మూడుసార్లు ఉతుకుతాను, నీళ్ళన్నీ కింద గరాటులోకి పడి నేల బురద కాకుండా ఉంటోంది. సూది కూడా నా పూలకుండీలో బాగా నిలబడింది. ఎవరు చేశారో గానీ బుర్ర ఉన్నవాళ్ళు. నా మాటగా వాళ్ళకి చెప్పు.


ఆఫీసు,
శుక్రవారం మధ్యాహ్నం

మామయ్యా,

ఈ ఉత్తరం జీపు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. పోస్టులో వేస్తే ఆలస్యమవుతుంది.

నీ ఉత్తరం ఇవాళ పొద్దున మీటింగుకి వెళుతుంటే అందింది. మెట్ల మీద విప్పాను. "పడింది" అన్న మాట చూసి ఇంకేమీ చదవలేదు. పన్నెండు మంది ముందు నిలబడి, "మా మామయ్య స్వయంగా రాశాడు, ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు" అని పైకి చదివాను. మేఘం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు దగ్గారు. సంతకం దాకా చదివి, వెనక ఇంకా ఏదో ఉందని కాగితం తిప్పి అది కూడా చదివాను. ఆగి ఉండవలసింది. ఆగలేదు. పూలకుండీ దాకా చదివాను.

ఎవరూ నవ్వలేదు. డైరెక్టరుగారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఆవిడ మెచ్చుకున్నది మననే కదా" అన్నారు. అప్పుడు అందరూ నవ్వారు. నేను తప్ప.

వెంటనే తడి ఇవ్వమని నాలుగూళ్ళకీ మెసేజీ పెట్టాను. సగటున ఎనిమిది సెకన్లు విని పెట్టేశారు. ఎనిమిది సెకన్లంటే శుభోదయం, దాని తర్వాత రెండు మాటలు. నిన్నటి దాకా వద్దన్న గొంతే ఇవాళ వెంటనే పెట్టమంటే ఎవరు వింటారు.

నా సంగతి వదిలెయ్. నా ఉద్యోగం గురించి నువ్వు ఆలోచించకు. ఒక్కటి చెప్పు. పదహారు రోజులుగా నీళ్ళు లేని చేను ఎలా ఉంటుందో నాకు ఇక్కడ కంప్యూటరులో కనబడదు. నీ చేను ఎలా ఉంది మామయ్యా?

నీ మేనకోడలు


ఊరు,
శనివారం సాయంత్రం

అమ్మా,

నా చేను పచ్చగా ఉంది.

ముందు ఆ మాట రాయకపోతే మిగతాది రాయలేను. నా చేను పచ్చగా ఉంది, ఎందుకంటే ఈ పదహారు రోజులూ నేను నీళ్ళు పెట్టాను. నేలలో వేలు పెట్టి చూశాను. పొడిగా ఉంది. వేలు చెప్పింది విన్నాను. ఊళ్ళోవాళ్ళకి మాత్రం ఫోన్ చెప్పింది చెప్పాను. యంత్రం పెరట్లో ఉందని ఒప్పుకుంటే సంతకం పెట్టిన పెద్దమనిషిని ఏమంటారోనని భయపడ్డాను. పొలంలో పాతిన మూడో రోజే ఎవరిదో గేదె వచ్చి వీపు గోక్కుని స్తంభాన్ని పక్కకి వంచింది. పాడైతే నీకు మాటొస్తుందని ఇంటికి తెచ్చాను. గరాటులో దుప్పటి నీళ్ళు పడుతున్నాయని మాత్రం తెలియదు. నీ రెండో ఉత్తరంలో సోమ, బుధ, శని అని చదివి, తల ఎత్తి దండెం వైపు చూశాను. అప్పుడు తెలిసింది. తెలిసి కూడా "పడింది" అని రాశాను.

నిన్న తెల్లవారుజామున లాయరు పట్టుకున్నాడు. నేను గొట్టం తిప్పి గట్టు మీద కూర్చునున్నాను.

"ఏం బావా, వాన చాలిందన్నావు, మళ్ళీ నీళ్ళెందుకు?"

నోటికొచ్చింది చెప్పాను. "పైపు కడుగుతున్నా."

"నేనొచ్చి గంటైంది."

"చాలా మురికి పట్టింది."

వంగి నా నేలలో వేలు పెట్టాడు. రెండు కణుపులు దిగింది. లేచి తన చేలోకి వెళ్ళి మళ్ళీ వంగాడు. అక్కణ్ణుంచే అన్నాడు, "నాది గోరు కూడా దిగట్లేదు బావా." తిట్టుంటే బాగుండేది. అన్నిటికీ సాక్ష్యం అడిగే మనిషి, నన్ను మాత్రం అడక్కుండా నమ్మాడు.

పదింటికి నేనే వాడింటికి వెళ్ళి అంతా చెప్పాను. దుప్పట్ల మాట మాత్రం నమ్మలేదు, సాక్ష్యం చూపించమన్నాడు. మా పెరట్లోకి వచ్చి, మీ అత్తయ్యని అడిగి ఒక దుప్పటి తడిపించి, దండెం మీద వేయించి, గరాటు కింద కూర్చున్నాడు. టక్కు టక్కుమని నీళ్ళు పడుతుంటే పావుగంట చూశాడు. "అయితే మొన్న తొమ్మిది మిల్లీమీటర్లూ మీ పక్క మీదివన్నమాట" అని నేల మీద కూలబడి నవ్వాడు. మీ అత్తయ్యకి అప్పుడే సంగతి తెలిసి, "నేను బుర్ర ఉన్నవాళ్ళని రాశానే" అని చెంగు నోట్లో కుక్కుకుంది. వాడి నవ్వు ఆగాక, "పద, మిగతా ఊళ్ళు కూడా ఉన్నాయి కదా" అన్నాడు.

సాయంత్రం నీ ఉత్తరంతో జీపు దిగింది. డ్రైవరుని వదల్లేదు. రాత్రి మన ఇంట్లోనే పడుకోబెట్టి, ఇవాళ పొద్దున్నుంచి లాయరూ నేనూ ఆ జీపులోనే నాలుగూళ్ళూ తిరిగాం. మైకు లేదు, నా గొంతే మైకు. దొరికినవాళ్ళకి చెప్పాం. పొలాల్లో ఉన్నవాళ్ళు దొరకలేదు. కనుక నా మాట విను. ఆ శుభోదయం అమ్మాయిని రెండు రోజులు విశ్రాంతి తీసుకోమను. మీ అత్తయ్య ఫోన్‌లో నా గొంతు రికార్డు చేసి నీకు పంపింది. అద్దం పగిలినా చెవి బాగానే ఉంది దానికి. నాలుగుసార్లు చెప్పించింది. మొదటిసారి మరీ అరిచానట, రెండోసారి ఏడుపు గొంతట, మూడోసారి కోడి కూసింది. నేను చెప్పింది ఇది:

"నేను యంత్రం పెట్టుకున్నవాణ్ణి. పదహారు రోజులుగా మీకు చెప్పిన వాన, వాన కాదు. మా ఇంట్లో ఉతికిన దుప్పట్ల నీళ్ళు. యంత్రాన్ని చేలోంచి పెరట్లోకి తెచ్చింది నేను. యంత్రం తప్పు లేదు, ఆఫీసు తప్పు లేదు, మా ఆవిడ తప్పు అసలే లేదు. మీకు వద్దని చెప్పి నా చేనుకి మాత్రం నీళ్ళు పెట్టుకున్నాను. తిట్టాలనుకున్నవాళ్ళు మా ఇంటికి రండి, ఎక్కడికీ పోను. కానీ ముందు చేనుకి తడి ఇచ్చి రండి."

మామయ్య


ఆఫీసు,
కిటికీ పక్క బల్ల

మామయ్యా,

నీ గొంతు ఆదివారం పొద్దున ఏడింటికి వెళ్ళింది. మూడు వందల నలభై మందిలో మూడు వందల పదకొండు మంది చివరిదాకా విన్నారు. ఎనభై మంది రెండోసారి పెట్టించుకుని విన్నారు. ఒక నంబరు నుంచి తొమ్మిదిసార్లు విన్నారు, ఎవరిదా అని చూస్తే మీ లాయరుది.

డైరెక్టరుగారు తన గదిలో తలుపు వేసుకుని విన్నారు. తలుపు వేసినా అందరికీ వినబడింది, నీ గొంతు కదా.

నీకు చెప్పనిది ఒకటుంది. శుక్రవారం మీటింగు అయ్యాక నేను రాజీనామా రాసిచ్చాను. నేను చూడకుండా నమ్మినదాన్ని మూడు వందల నలభై మంది చేత నమ్మించాను, నీ తప్పు ఎంతో నాదీ అంతే. సోమవారం డైరెక్టరుగారు ఆ కాగితం తిరిగిచ్చారు. మడత విప్పితే వెనక మీ ఊరికి వెళ్ళే బస్సుల వేళలు రాసున్నాయి. మిగతా మూడు యంత్రాలూ నేనే వెళ్ళి పెట్టించాలట. నెలకి రెండుసార్లు ఒక్కొక్క చేనూ కళ్ళతో చూసి రావాలట. వారానికి రెండు మెసేజీలు నీ గొంతుతోనే వెళ్ళాలట. మెల్లగా మాట్లాడమని మాత్రం చెప్పమన్నారు.

పొలాల లెక్క ఇవాళ వచ్చింది. మూడూళ్ళలో పంట చాలావరకు నిలబడుతుంది. నాలుగో ఊళ్ళో ఇసక నేలలున్న పదిహేడు మందికి సగం పోయింది. ఇది రాయకుండా ఉండలేను.

నీ మేనకోడలు


ఊరు,
గట్టు మీద

ఇంజనీరమ్మా,

యంత్రం మళ్ళీ చేలో పాతాం. చుట్టూ ముళ్ళకంప కట్టాం. లాయరు రోజూ పొద్దున వచ్చి అది అక్కడే ఉందని చూసి ఒక పుస్తకంలో రాసి నాచేత సంతకం పెట్టిస్తున్నాడు. మీ అత్తయ్య దండేనికి కొత్త గుంజ పాతించుకుంది గానీ, ఆ గుంజకి అంత బుర్ర లేదంటోంది.

నాలుగో ఊరికి నిన్న వెళ్ళాను. ఎవరి తోడూ తీసుకోలేదు. వచ్చే పంటకి విత్తనం నా చేనుదే ఇస్తానని పదిహేడు ఇళ్ళకీ తిరిగి చెప్పాను. కొందరు సరేనన్నారు, ఇద్దరు తలుపు తీయలేదు. అందరికన్నా ఎక్కువ పోయింది ఒక కుట్టుపనావిడకి. పగలంతా మిషను తొక్కుతూ, ఉదయం సాయంత్రం చేను చూసుకుంటుంది. నేను మాట్లాడుతుంటే మిషను ఆపలేదు. నాకు సగం వినబడలేదు, ఆమెకి నాది మొత్తం వినబడింది. కుట్టు పూర్తయ్యాక దారం కొరికి, తల ఎత్తింది.

"విత్తనం తీసుకుంటాను. ఊరికే కాదు, పంటొచ్చాక తిరిగిస్తాను. మీ గొంతు వస్తే ఫోన్ కూడా పెట్టెయ్యను. కానీ ఒకటి అడుగుతాను."

"అడుగమ్మా."

"తెలియని రోజు, తెలీదని చెప్పండి."

సరేనని వచ్చేశాను. దారంతా ఆ మాటే.

ఇవాళ గురువారం మెసేజీ రికార్డు చేయాలి. నువ్వు పంపిన కాగితంలో "రాగల రెండు రోజుల్లో వాన పడే అవకాశం యాభై శాతం" అని ఉంది. మీ అత్తయ్యని అడిగాను, యాభై శాతమంటే ఏమిటని. పడొచ్చు, పడకపోవచ్చు అంది. ఆ ముక్క చెప్పడానికి శాతమెందుకు. అందుకని నీ కాగితం పక్కన పెట్టి నాకు తోచింది చెప్పాను. ఇదిగో:

"రేపు వాన సంగతి యంత్రానికి తెలీదు, ఆఫీసుకి తెలీదు, నాకూ తెలీదు. మీ చేలోకి వెళ్ళి వేలు పెట్టి చూడండి. దిగకపోతే తడి ఇవ్వండి. దిగితే ఇంటికెళ్ళి పడుకోండి."

డైరెక్టరుగారు ఒప్పుకుంటారో లేదో. ఒప్పుకోకపోతే నన్ను పిలవమను, వచ్చి ఆయన చెవిలో చెబుతాను.

మామయ్య


ఆఫీసు,
బస్సుకి బయలుదేరుతూ

మామయ్యా,

డైరెక్టరుగారు రెండుసార్లు విన్నారు. "తెలీదు అన్న మాట మన సంస్థ నుంచి ఇంతవరకు బయటికి వెళ్ళలేదు" అన్నారు. తర్వాత పంపించెయ్యమన్నారు.

ఏడింటికి వెళ్ళింది. మధ్యలో పెట్టేసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎనిమిదిన్నరకి నాలుగో ఊళ్ళోని ఒక నంబరు నుంచి తిరిగి ఫోన్ వచ్చింది. కుట్టుమిషను చప్పుడు వినబడింది. "పెద్దాయనకి చెప్పండి, నాకు వేలు దిగింది" అని పెట్టేశారు.

నీ మేనకోడలు